తౌడమ్మ దిగని బండ

నల్లకొండ కోతులకు ఒక మర్యాద ఉంది. పొరుగు కొండకు వెళ్ళొచ్చినవాళ్ళను గుంపంతా చుట్టుముట్టి పేలు చూస్తుంది. వద్దంటే అవమానించినట్టే.

ముసలి తౌడమ్మ పక్క కొండ మీది చెల్లెల్ని చూసి తిరిగొచ్చింది. గుంపులోకి రాకుండా, దూరంగా ఒక బండెక్కి కూర్చుంది.

"మా చేతులు నీకు పనికిరావా?" అని గుంపు పెద్ద బొడ్డయ్య పళ్ళు బయటపెట్టాడు.

"కోప్పడకు నాయనా. అక్కడ ఒకడికి ఏదో కొత్త దగ్గు పట్టుకుంది. అలవాటుకొద్దీ అందరూ వాడికి పేలు చూశారు. వారం తిరిగేసరికి కొండంతా దగ్గింది. ఇప్పుడు నా ఒళ్ళూ కాలిపోతోంది. దగ్గరికి రాకండి."

"ముసలిదానికి పొగరెక్కింది" అంటూ బొడ్డయ్య వెళ్ళిపోయాడు.

తౌడమ్మను పొడిదగ్గు పట్టుకుంది. రెండడుగులు వేస్తే ఆయాసం. కోడలు పైడి, పొట్టకు కరుచుకున్న పసివాడితో వచ్చి, రోజూ బండ కింద పనసతొన పెట్టి దూరం జరిగేది. ముక్కుకు ఆనించుకున్నా తౌడమ్మకు వాసన తెలిసేది కాదు.

ఈలోగా పక్క కొండ మీద ఎంతమంది పోయారో కాకులు వచ్చి చెప్పాయి.

ఒక పొద్దున బండ మీంచి కేక వినిపించింది. "పైడీ, పనస ఘుమఘుమలాడుతోందే!"

దగ్గు పూర్తిగా పోయేదాకా ఆగి, అప్పుడు దిగింది తౌడమ్మ.

"మొదటి వంతు నాది, పెద్దమ్మా" అని బొడ్డయ్య తల దించుకుని ఆమె వెనక కూర్చున్నాడు. అతని వెనక గుంపంతా బారు తీరింది. అందులో ఒక్కరూ దగ్గలేదు.

పైడి పసివాణ్ణి అత్త ఒళ్ళో పెట్టింది. వాడు చిట్టి వేళ్ళతో ఆమె బొచ్చు విడదీసి, బుద్ధిగా పేలు వెతకసాగాడు.