ఏడు మూలల కన్ను

"కుర్చీలల్లే అమ్మవా? అదిగో, ఆ మూలనుంది. సీటు చిరిగిపోయింది," అన్నాడు ప్రొఫెసరు తల ఎత్తకుండానే.

గుమ్మంలో నిలబడినామె చేతిసంచిలోంచి పేముబద్దల చుట్ట తొంగిచూస్తోంది.

"బాబూ, ఒక్క మాట..."

"ఏదున్నా ఆఫీసులో చెప్పమ్మా. ముందు పని చూడు. నాకు క్షణం తీరిక లేదు."

ఆమె సంచి కింద పెట్టింది. తర్వాత కుర్చీ ముందు కూర్చుని పాత అల్లిక విప్పడం మొదలుపెట్టింది.

తీరిక లేదన్నది నిజమే. బల్ల మీద ప్లాస్టిక్ పుల్లలతో కట్టిన నమూనా ఆయన ప్రాణం తోడేస్తోంది.

కర్బన పరమాణువులు ఆరారు చొప్పున చేతులు పట్టుకుంటే వల అవుతుంది. ఆ వలను చుడితే గొట్టం. వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండదు గానీ, ఉక్కుకన్నా గట్టిది. అలాంటి మూడు గొట్టాలు ఒక్కచోట కలవాలి.

ఆ కూడలే కుదిరి చావడం లేదు. సాయంత్రంలోగా నమూనా పంపకపోతే పని ఇంకొకరి చేతికి పోతుంది. మూడేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

అసలే ఆయన ముక్కు మీద కోపం మనిషి. చెప్పింది చెయ్యకుండా సొంత తెలివి చూపిస్తోందని నిన్ననే సహాయకురాలిని పనిలోంచి తీసేశాడు.

టప్పుమంటూ నమూనా విరిగి నేలమీద పడింది.

ఆమె ముక్కలు ఏరి ఇవ్వబోతూ ఆగింది.

"ఏం బుట్ట బాబూ ఇది?"

అంత చిరాకులోనూ ఆయనకు నవ్వొచ్చింది. "బుట్ట కాదమ్మా, బొగ్గు."

"బొగ్గా! నల్లగా లేదే?"

"కంటికి ఆనని బొగ్గులే. మూడు గొట్టాలు కలవాలి. కలవకుండా మొండికేస్తున్నాయి."

"ఎలా కలుస్తాయి? ఈ సందులన్నీ ఆరు మూలల కన్నులే వేశారు. వాటితో చాప వస్తుంది, చుడితే గొట్టం వస్తుంది. కొమ్మ రాదు."

ప్రొఫెసరు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "మరి?"

"ఐదు మూలల కన్ను వేస్తే అల్లిక లోపలికి ముడుచుకుంటుంది. ఏడు మూలలది వేస్తే విచ్చుకుంటుంది. మీకు విచ్చుకోవాలిగా?"

"ఏడా? ఎన్నిచోట్ల?"

ఆమె బద్దలు తీసి అల్లసాగింది. ఆయన నేల మీద చతికిలబడి, ఆ వేళ్లనే చూస్తూ లెక్కపెట్టాడు.

సరిగ్గా ఆరుచోట్ల ఏడు మూలల కన్ను. బద్దలు మూడు వైపులా సాగి మూడు గొట్టాలయ్యాయి. ఎక్కడా చీలిక లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?"

"మా ఇంట్లో పిల్లకైనా తెలుసు బాబూ. ఆ పిల్ల గురించే ఒక్క మాట..."

"ఉండమ్మా, ఉండు!"

అప్పటికే ఆయన కంప్యూటర్ ముందున్నాడు.

రెండు గంటలు ఒళ్లు తెలియలేదు. లెక్క కుదిరింది. కూడలి నిలిచింది. నమూనా పంపేసి, "అమ్మా, గెలిచాం!" అని కేకపెట్టి వెనక్కి తిరిగాడు.

ఆమె లేదు. కుర్చీకి కొత్త అల్లిక బిగువుగా, అందంగా ఉంది.

ఆయనకు సిగ్గేసింది. ఇంత మేలు చేసిన మనిషి పేరైనా అడగలేదు. నమూనా కింద తన పేరు పక్కన ఆమె పేరు ఉండి తీరాలి. ఆఫీసుకు పరిగెత్తాడు.

"కుర్చీ అల్లినావిడ పేరేంటయ్యా? ఎక్కడుంటుంది?"

గుమాస్తా తెల్లబోయాడు. "కుర్చీలావిడ వచ్చేది రేపు కదండీ?"

"మరి పొద్దున నా గదికి వచ్చిందెవరు?"

"మీరు నిన్న తీసేసిన అమ్మాయి వాళ్లమ్మండీ, బుట్టలల్లే ఆవిడ. మిమ్మల్ని బతిమాలుకుందామని వచ్చింది, ఇందాకే పిల్ల పుస్తకాలు సర్దుకుని ఇద్దరూ వెళ్లిపోయారు."