మొదటి ముద్ద

"ఆగు, అప్పుడే చెయ్యి పెట్టకు," అంటూ భార్య అతని కంచంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలి మింగాకే కంచం అతని ముందుకు జరిపింది.

ఇరవై ఏళ్లుగా అతను శవాల గదిలో పని చేస్తున్నాడు. రోజూ తన చెయ్యి పడకముందే ఆమె మొదటి ముద్ద ఎందుకు తీసుకుంటుందో ఎప్పుడో అర్థం చేసుకున్నాడు. శవాలను కడిగిన చెయ్యి పడ్డాక ఎవరికి మాత్రం తినబుద్ధవుతుంది? ఆ బాధ కూడా ఏనాడో మొద్దుబారింది.

ఇవాళ ఎందుకో నోరు జారాడు.

"నా చెయ్యంటే అంత అసహ్యమా నీకు?"

ఆమె తెల్లబోయింది.

"అసహ్యమా? అది నీకు లేకపోబట్టే కదా నాకీ తిప్పలు! ఎన్నో ఏళ్ల కిందట ఓసారి పాచిపోయిన కూర గిన్నెడు తిని, నాలుగు రోజులు ఆస్పత్రిలో పడున్నావు గుర్తుందా? కంపు కొట్టలేదా అంటే, 'కొట్టింది, అయితే ఏంటి?' అన్నావు."

"అన్నానేమో."

"డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. అసహ్యమనేది గుమ్మంలో కుక్కలాంటిదట, విషం లోపలికి రాకుండా మొరుగుతుందట. 'మీ ఆయనకు ఆ కుక్క మొరగడం మానేసిందమ్మా, మీరే చూసుకోవాలి' అన్నాడు. అప్పట్నుంచీ చూసుకుంటున్నా."

అతను అన్నం కలిపి, ఒక ముద్ద ఆమె వైపు చాచాడు.

"ఇందాకే చూశాగా, బాగానే ఉంది, తిను," అని విసుక్కుంటూనే ఆమె ఆ ముద్ద తినేసింది. చేతి వంక చూడనైనా లేదు.