తొక్కని కాలు

డాక్టరు ఎక్స్‌రే ఫోటోను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"వెన్నుపూస పక్కకు జరిగింది. నరం దాని కింద నలుగుతోంది. కోసి సరిచేస్తే మళ్ళీ నడవవచ్చు. ఇట్లాగే వదిలేస్తే ఇక మంచమే," అన్నాడు.

బల్ల మీద పడుకున్న చెంచురామయ్య పైకప్పు వంక చూస్తున్నాడు. వరి కోతలప్పటి నుంచి అతని కాళ్ళు అతనివి కావు. గిల్లినా తెలియదు.

"చెయ్యి నాయనా. నా బిడ్డ లేచి తిరిగితే అదే చాలు," అంది తల్లి ఆదిశేషమ్మ.

గోడవారగా నిలబడ్డ భార్య నాగులమ్మ తన పాదాల వంక చూసుకుంటోంది.

వాళ్ళను విడవలూరు నుంచి బండిలో తీసుకొచ్చిన పొరుగింటి ఓబయ్య గుమ్మం బయట నిలబడి బీడీ కోసం అగ్గిపుల్ల గీశాడు. పుల్ల విరిగింది. ఆ కాస్త చప్పుడుకే నాగులమ్మ ఉలిక్కిపడింది.

ఈ మధ్య ఆమెకు అదొక జబ్బయింది. పొయ్యిలోకి సరుగుడు పుల్లలు విరవడానికి చేతులు రావు. అత్త విరుస్తుంటే చెవులు మూసుకుని పెరట్లోకి పోతుంది. మొగుడు మంచాన పడితే ఏ ఆడదానికి మతి నిలుస్తుంది అని ఊళ్ళో అందరూ జాలిపడ్డారు.

"అసలు ఎట్లా పడ్డాడు?" డాక్టరు అడిగాడు.

"కాలవ గట్టు మీద వరి మోపుతో జారినాడు నాయనా," అంది ఆదిశేషమ్మ. "పడినోడు తనే లేచినాడు. నడిచే ఇంటికి వచ్చినాడు. నడుం పట్టింది అన్నాడంట. నేను ఆ పొద్దు కూతురింట్లో ఉంటి. తెల్లారి వచ్చి చూస్తే కాళ్ళు కదలడంలా."

డాక్టరు కళ్ళద్దాలు తీశాడు.

"నడిచే వచ్చాడా? ఆ తరవాత మళ్ళీ పడ్డాడా? బరువేమైనా ఎత్తాడా? నడుము తొక్కించుకున్నాడా? మీ వైపు ఆ అలవాటుంది కదా."

ఆదిశేషమ్మ నెత్తి కొట్టుకుంది.

"అదే గదయ్యా మా ఏడుపు! తొక్కే మనిషి ఇంట్లోనే ఉండాది. ఇదిగో, నా కోడలే. ఎదురుకాళ్ళతో పుట్టింది. నడుం పట్టినోళ్ళు తోటపల్లి గూడూరు నుంచి బండ్లు కట్టుకోని వస్తారు. ఇది ఎక్కి నాలుగు అడుగులు ఏస్తే లేచి గంతులేస్తా పోతారు. ఊరందర్నీ తొక్కిన కాలు, కట్టుకున్నోడి మీద మాత్రం పెట్టలా! ఇప్పుడు ఊళ్ళోవాళ్ళనీ తొక్కదు. మొక్కుకున్నిందో ఏమో."

"ఆయన పెట్టనిస్తే గదా పెద్దమ్మా!" ఓబయ్య తల లోపలికి పెట్టి నవ్వాడు. "పెళ్ళాం కాలు తగిలితే పంచె తగలబెట్టే రకం మా అన్న."

"నోరు ముయ్ రా!" అన్నాడు చెంచురామయ్య. "ఆడదాని కాళ్ళ కింద పడుకునేదానికి నేనేం చచ్చినానా?"

డాక్టరు నవ్వలేదు.

"తొక్కకపోవడమే మంచిదయింది. తొక్కి ఉంటే ఎముక ముక్క విరిగి లోపలికి దిగి ఉంటుంది. అట్లాంటి చోట కత్తి పెడితే మనిషి బల్ల మీదే పోతాడు. సన్న ముక్కలు ఈ ఫోటోలో కనపడవు. మీ మాటే నాకు ఆధారం. మళ్ళీ అడుగుతున్నాను. ఎవరూ తొక్కలేదు కదా?"

"లేదన్నాను గదా!" చెంచురామయ్య గొంతు పెంచాడు.

"అయితే సోమవారం చేస్తాను. మీరూ, మీ ఆవిడా ఇద్దరూ ఒప్పుకోవాలి."

చెంచురామయ్య కాగితం మీద వేలిముద్ర వేశాడు. నర్సు సిరా మెత్తను నాగులమ్మ ముందుకు తెచ్చింది.

నాగులమ్మ చేతిని కొంగులో దాచుకుంది.

"వద్దయ్యా. కొయ్యొద్దు. ఇంటికి తోలుకపోతాం."

"ఎందుకమ్మా?"

ఆమె మొగుడి వంక చూసింది. అతను అప్పటికే ఆమెను చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. దుప్పటి అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"భయం," అంది నాగులమ్మ.

"ఏందిమే నీ భయం?" ఆదిశేషమ్మ కోడలి రెక్క పట్టి ఊపింది. "అప్పుడు కాలు పెట్టకుండా చంపినావు, ఇప్పుడు వేలు పెట్టకుండా చంపతా ఉండావు! నా కొడుకు లేచి తిరగడం నీకు ఇష్టం లేదా?"

నాగులమ్మ తల వంచుకుని నిలబడింది. వేలు మాత్రం బయటికి తీయలేదు. డాక్టరు ఫోటోను కవరులో పెట్టి ఓబయ్య చేతికిచ్చాడు.

బండి తిరిగి సముద్రం వైపు బయలుదేరింది. దారి పక్క గోడల మీద అరవై రెండో సంవత్సరం ఎన్నికల గుర్తులు ఇంకా చెరగలేదు. ఆదిశేషమ్మ దారంతా కోడల్ని శపిస్తూనే ఉంది. ఓబయ్య కూడా ఈసారి నాగులమ్మను వెనకేసుకురాలేదు. గడ్డి పరుపు మీద చెంచురామయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నాగులమ్మ అతని కాళ్ళ దగ్గర, తన పాదాలు రెండూ చీరలోకి ముడుచుకుని కూర్చుంది.

సరుగుడు తోపు వచ్చింది. ఉప్పు గాలికి రాలిన ఎండు పుల్లలు దారి నిండా పడి ఉన్నాయి.

బండి చక్రం కింద ఒక పుల్ల ఫట్టుమంది.

నాగులమ్మ చెవులు మూసుకుంది. చెంచురామయ్య కూడా మూసుకున్నాడు.

నడుము పట్టిన ఆ సాయంత్రం, తలుపు గడియ వేయించి, ప్రాణం పోయినా ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకుని, ఆమెను అతను తన వీపు మీదికి ఎక్కించుకున్నప్పుడు వాళ్ళిద్దరూ విన్న చప్పుడు అదే.