మూడు పూటలా ఫోను

"ఇప్పుడు ఏం చేస్తున్నవమ్మా?"

ఫోనులో మళ్లీ అదే పెద్దాయన గొంతు. స్తుతికి ఒళ్లు మండింది.

"పనే సార్. కంప్యూటర్ ముందట కూసున్న," అంది, తండ్రి నోటికి జావ చెంచా అందిస్తూ.

ఇబ్రహీంపట్నంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఉన్నది ఇద్దరే. పక్షవాతంతో మంచం పట్టిన సాల్మన్ రాజు, ఇంటి నుంచే కంపెనీ పని చేసుకుంటూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండే కూతురు.

ఇక అందరూ ఆఫీసుకు రావాల్సిందేనంటోంది కంపెనీ. ఆఫీసేమో నగరానికి ఆ చివర. పోనూ రానూ నాలుగు గంటలు. తను బస్సెక్కితే బాపు నోట్లో గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేదు.

తుది మాట చెప్పేముందు, ఇంటి నుంచి చేసే పనిపై ఒక సంస్థతో అధ్యయనం చేయిస్తోంది కంపెనీ. ఆ సంస్థ తరఫున శ్రీపాల్ అనే ఈయన రోజుకు మూడుసార్లు, ఏ వేళకు పడితే ఆ వేళకు ఫోన్ చేస్తాడు.

అధ్యయనమట! హాజరు వేయడానికి పెట్టిన ముద్దుపేరు అనుకుంది స్తుతి.

నాలుగో రోజు తండ్రికి బట్టలు మారుస్తుంటే ఫోన్ మోగింది.

"ఏం చేస్తున్నవమ్మా?"

"పనే సార్."

"నిజం చెప్పు బిడ్డా. నలభై మందిని అడిగిన. అందరు కంప్యూటర్ ముందటనే ఉన్నమంటున్నరు. గట్లయితే ఆ కుర్చీ ఏదో ఆఫీసులనే వేసుకోమంటది కంపెనీ. నేనేం రాయాలె?"

స్తుతికి తిక్క రేగింది.

"మా బాపుకు బట్టలు మారుస్తున్న! గంటయినంక కూసుంట, పొద్దుమూకినంక గూడ చేసి పని ఒప్పజెప్త. రాస్కో! ఉద్యోగం తీసేస్తరా, తియ్యమను!"

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు.

"గిదే రాస్త బిడ్డా. మిగిలినోళ్లను గూడ మల్ల అడుగుత."

నెల తిరిగేసరికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో మంచాన పడ్డవాళ్లు ఉన్న ఉద్యోగులు ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. సేవ చేస్తూ కూడా వాళ్లు పని ఆపడం లేదని అధ్యయనంలో తేలిందట.

స్తుతి తండ్రి చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

ఆదివారం చర్చిలో దేవునికి కృతజ్ఞత చెప్పుకుంది. మరి మనిషికి? తనతో అన్ని మాటలు పడి, చల్లగా ఇంత మేలు చేసినాయనకు ఒక్క దండమైనా పెట్టకపోతే అన్నం సయించదనిపించింది.

సోమవారం పొద్దున్నే ఆ సంస్థకు ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"అక్కా, మా కంపెనీవోళ్లకు ఫోన్లు చేసిన శ్రీపాల్ సార్ ఉన్నడా?"

"లేడమ్మా, మానేసిండు. పోయిన వారం మా సంస్థల గూడ అందర్ని ఆఫీసుకే రమ్మన్నరు."

"రావొచ్చు గద అక్కా?"

"ఎట్లొస్తడు? ఆయన భార్య మూడేండ్ల సంది మంచంల ఉన్నది. ఆమె పక్కన కూసునే మీకందరికి ఫోన్లు చేసిండు."