డి డ్రైవ్‌లో జాన్ పాల్

"ఏమండీ, డిలో వాడు లేడు!"

ఫిలిప్ చేతిలోని పేపరు పక్కన పడేసి ముందు గదిలోకి వచ్చాడు. భార్య అమలమ్మ కంప్యూటర్ ముందు నిలబడి ఉంది.

"సరిగ్గా చూడు అమలా."

"చూశాను. వాడుండే చోట నిన్నటి కంప్యూటర్ షాపువాడున్నాడు, కింద పాలవాడు. ఆ కింద మీరు, చెత్త బకెట్ పట్టుకుని. నా కొడుకేడండీ?"

ఫిలిప్ వంగి చూశాడు. డి డ్రైవ్‌లో నాలుగే వీడియోలున్నాయి. నాలుగూ నిన్న సాయంత్రం నుంచి గేటు దగ్గర తీసినవే.

గేటు కెమెరా బిగించింది వాళ్లబ్బాయి జాన్ పాల్. గేటు దగ్గర ఏది కదిలినా అది రికార్డు చేసి డి డ్రైవ్‌లో దాస్తుంది. అందులో మొదటి వీడియో జాన్ పాల్‌దే. బిగించడం అయ్యాక కెమెరా ముందు నిలబడి, "అమ్మా, కనిపిస్తున్నానా?" అని అడిగాడు. మొత్తం పంతొమ్మిది సెకన్లు. తర్వాత బండి తీసి పామర్రు బయల్దేరాడు. చేరలేదు. ఏడాదిన్నరగా అమలమ్మ ప్రార్థన కాగానే ఆ వీడియో పెట్టుకుంటుంది. "కనిపిస్తున్నావు నాన్నా" అంటుంది. అప్పుడే కాఫీ తాగుతుంది.

నిన్న ఆ డిస్క్ నిండిపోయింది. నిండితే కెమెరా అన్నిటికన్నా పాత వీడియోను చెరిపేసి కొత్తది రాసుకుంటుందని గవర్నర్‌పేట కంప్యూటర్ షాపు చక్రి ఫోన్లో చెప్పాడు. ఫిలిప్ వెంటనే కెమెరా ఆపేసి, కొత్త డిస్క్ తెప్పించాడు. సాయంత్రం చక్రి వచ్చి బిగించి, "అంతా సెట్ చేశాను సార్" అని వెళ్లిపోయాడు.

ఫిలిప్ మిగతా డ్రైవులు ఒక్కొక్కటే తెరిచి చూశాడు.

"ఇదుగో, ఎఫ్‌లో ఉన్నాడు. చూడు, ఎక్కడికీ పోలేదు."

అమలమ్మ చూసింది. ఊపిరి పీల్చుకుంది. తర్వాత గొంతు పెంచింది.

"ఎఫ్ ఏంటి? వాడు నాకు నేర్పింది డి. ఆ చక్రి వాడిని ఎత్తుకెళ్లి మూలన పడేసి, వాడి చోట కొత్తదాన్ని కూర్చోబెడితే మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"అక్షరం మారిందంతే. కొత్తది పెట్టేటప్పుడు తారుమారు చేసుంటాడు."

"మరి సరిచెయ్యండి. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్లు చేశారుగా!"

"అందుకే ఫోన్లోకి ఒక కాపీ తీసి ఉంచుతానన్నాను. నువ్వే ఒప్పుకోలేదు."

"ఒప్పుకోను. వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. వాడు పెట్టిన చోట వాడుండాలి."

ఫిలిప్ ఇక వాదించలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కెమెరా ప్రోగ్రామును ఆపాడు. డిస్కుల జాబితా తెరిచాడు. ఒక అక్షరాన్ని రెండిటికి ఇవ్వడం కుదరదు. ముందు కొత్త డిస్క్ నుంచి డి తీసేసి జి ఇచ్చాడు. తర్వాత పాతదానికి డి ఇచ్చాడు. అక్షరం మారిస్తే కొన్ని ప్రోగ్రాములు సరిగా పనిచెయ్యకపోవచ్చు, కొనసాగించాలా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కాడు. కెమెరాను మళ్లీ నడిపించాడు. తెర మీద ఓ మూల గేటు కనిపించింది.

"ఇప్పుడు చూసుకో."

అమలమ్మ కూర్చుంది. డి మీద రెండుసార్లు నొక్కింది. మొదటి వరుస మీద రెండుసార్లు నొక్కింది.

"అమ్మా, కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు నాన్నా."

కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"కాఫీ పెడతానుండండి. పంచదార నిండుకుంది, కొట్టుకెళ్లి తెస్తాను."

ఆమె చెప్పులు వేసుకుంటుండగా ఫిలిప్ చక్రికి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా చక్రీ, డి పట్టుకెళ్లి కొత్తదానికిచ్చావే? పొద్దున్నే మీ ఆంటీ ఇల్లు పీకి పందిరేసింది. మళ్లీ నేనే పాతదానికి మార్చుకున్నాను."



"సార్, కావాలనే ఇచ్చానండీ. కెమెరాకి తెలిసింది డి ఒక్కటే. పక్కన ఎంత ఖాళీ డిస్క్ ఉన్నా దాని వంక చూడదు. కొత్తదాని పేరు డి అయితే అందులో రాసుకుంటుంది, బాబు వీడియో జోలికి రాదు అని అలా చేశాను."

"ఇప్పుడేమవుతుంది?"

"పాతదాన్లో ఒక్క వీడియోకి కూడా చోటు లేదు సార్. ఇప్పుడు గేటు దగ్గర ఏది కదిలినా బాబుది తీసేసి అక్కడ రాస్తుంది. ముందు కెమెరా ప్లగ్ పీకెయ్యండి. ఎవరినీ బయటికి వెళ్లనివ్వకండి."

ఫిలిప్ తలెత్తాడు. తెర మీద అమలమ్మ గేటు తీస్తోంది.