పెనిమిటి పేరు

"పేరు చెప్పమ్మా. పేరు చెప్పందే మందు ఎక్కించను" అంది నర్సు మహిమ.

గంగాదేవి తల వంచుకుంది. మంచం మీద మనిషి తలకు కట్టుతో, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. నిన్న సాయంత్రం ఆత్మకూరు రోడ్డులో దెబ్బ తగిలితే, గంగాదేవే ఆటోలో వేసుకుని కర్నూలు తీసుకొచ్చింది. చీటీలో ‘గంగాదేవి భర్త’ అని మాత్రం రాశారు. ఆ హడావుడిలో అంతకు మించి ఎవరూ అడగలేదు.

"ఈ వార్డులో సీసాలన్నీ ఒకే మాదిరి ఉంటాయి. మందులు వేరు. పేరు అడక్కుండా పెడితే ఒకరిది ఇంకొకరికి పోతాది. ఈ వయసులో ఇంకా సిగ్గేంది?"

పక్క మంచం దగ్గరున్న ముసలామె నవ్వింది. "మా కాలపోళ్లం మొగుని పేరు పలకం తల్లీ. ఈమె కొడుక్కు ఫోన్ చేసి అడుగు."

కొడుకు మునీంద్ర ఫోన్ నిన్నటి నుంచి స్విచాఫ్.

చివరికి "వీరభద్ర" అంది. పెళ్లయిన నాటి నుంచి ఏనాడూ నోట పలకని పేరు. పలికేసరికి ముఖమంతా చెమట పట్టి, నుదుట నిన్ననే పెట్టుకున్న బొట్టు చెదిరింది.

మహిమ ఆ పేరు రాసి సీసాకు అంటించింది. మందు పడుతుందో లేదో చూడటానికి అతని ముంజేతి మీద అంతకు ముందే చుక్కంత మందు పొడిచి, చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి వెళ్లింది. ఇప్పుడు వంగి చూసింది. ఎర్రబడలేదు.

"నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదంట కదా నువ్వు. ఆయన కాళ్లకాడే కూర్చోనుండావు. మొగుడంటే శానా ప్రేమే."

"ప్రేమ కాదు తల్లీ, పాపం. తాగినాడని తెలిసీ బండి తాళాలు ఇచ్చినా. అంతా నా వల్లే" అంది గంగాదేవి. కళ్ల నీళ్లు జలజలా రాలాయి.

"మనం వద్దంటే మగోళ్లు ఇంటారా" అంది ముసలామె జాలిగా.

మహిమ గొంతు తగ్గించింది. "ఇంకొక్క మాట. ఎప్పుడన్నా సూదేస్తే ఈయనకు దద్దుర్లు, ఆయాసం వచ్చినాయా? చేతి మీద పరీక్షలో ఒక్కోసారి బయటపడదు. పడని మందైతే, సీసా సగం కాకముందే ఊపిరాగిపోతాది. ఇంటామెవు, నీకు కాక ఇంకెవురికి తెలుస్తాది?"

‘లేదు’ అనే మాట గంగాదేవి నాలుక చివరిదాకా వచ్చింది. అది అనేస్తే చాలు, ఇక ఎవరూ ఏమీ అడగరు. అతని ముఖం వైపు చూసింది. నెరిసిన గడ్డం, తెరుచుకున్న నోరు. ఒకవేళ నిజంగానే పడని మందైతే?

"అట్లాంటిదేం లేదు కదా?" అంటూ మహిమ సీసాను స్టాండుకు తగిలించింది. గొట్టాన్ని చేతికున్న సూదికి కలిపింది. చుక్కలు వదిలే చిన్న చక్రం మీద బొటనవేలు పెట్టింది.

గంగాదేవి ఒక్క ఉదుటున లేచి ఆ చేయి పట్టుకుంది.

"ఆపు తల్లీ, నా పెనిమిటి పోయి శానా ఏండ్లాయ, ఈయప్ప నా కొడుకు బండి కింద పడిన మనిషి, ఎవురో ఏమో నాకు తెలీదు."