నాలుగో రోజు సూర్యుడు

"అన్నా, ఆ సూర్యుణ్ని తీసెయ్యుండ్రి."

ఫోన్‌లో ఆ మాట వినగానే దయాకర్‌కు ఒళ్లు మండింది. ఆ సూర్యుడికి రెండు రోజులు పట్టింది మరి! ఎర్రటి బుగ్గలేసుకుని, కొండల మధ్య నుంచి నవ్వుతూ లేస్తాడు. వెనకాలే కిరణాలు విచ్చుకుంటాయి.

"సూర్యుడు లేకుంటే చీకటైతది గద మేడం?"

"కాదన్నా. వెలుగుండాలె. సూర్యుడే ఉండొద్దు."

దయాకర్ ఉప్పల్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఆదివారమొస్తే ఏదో ఒక ఫంక్షన్ హాల్లో కెమెరాతో తేలతాడు. కృప నాచారంలోని ఒక చర్చిలో పిల్లలకు కథలు చెప్పే టీచర్. ఆ చర్చికి వచ్చి రెండు నెలలే అయింది. ఈ ఆదివారం పిల్లలకు సృష్టి కథ తెర మీద చూపించాలని ఆమె పట్టుదల. కొండలు, ఏరు, చెట్లు, పిట్టలు. రెండు నిమిషాల యానిమేషన్. ఓస్, ఇంతేనా అని ఒప్పుకున్నాడు. ఇంకెక్కడ పని చెడినా ఫర్వాలేదు, ఆ చర్చిలో మాత్రం చెడకూడదని గట్టిగా అనుకున్నాడు కూడా.

తీరా చూస్తే ఇదీ వరస.

సూర్యుణ్ని పీకేసి పంపాడు. మళ్లీ ఫోన్.

"పిట్టలు ఇప్పుడే ఎందుకొచ్చినయి అన్నా? చెట్లు మూడో రోజు. పిట్టలు ఐదో రోజు గదా."

"మరి సూర్యుడు?"

"నాలుగో రోజు."

"సూర్యుడు రాకముందే చెట్లెట్ల మొలిచినయి మేడం?" అరిచినంత పని చేశాడు.

"దేవుడు మొలవమన్నడు, మొలిచినయి." ఆమె గొంతులో విసుగన్నదే లేదు. అదే అతనికి మరీ చిరాకు. "మీ తప్పు గాదులే అన్నా. మీ ఇంట్ల ఇవన్నీ ఎవరు జెప్తరు?"

"మార్చి పంపుత మేడం" అని దయాకర్ ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారానికి ఆరుసార్లు మార్చాడు. ఆరోసారి చేపలు నీళ్లకంటే ముందొచ్చాయి. మౌస్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. ఇంట్లో అడగొచ్చు. కానీ నాన్న చెవిన పడితే ఇంకేమన్నా ఉందా!

చివరికి కృపే ఒక నల్లట్ట పుస్తకం తెచ్చిచ్చింది. "మొదటి పేజీ సాలు అన్నా" అంది. దాన్ని చొక్కాలో దోపుకుని ఇంట్లోకి దూరాడు. గదికి గడియ పెట్టుకుని చదివాడు. ఒక్కటే పేజీ. అంతా అందులోనే ఉంది, వరసగా. తన మీద తనకే కోపమొచ్చింది.

ఆదివారం చర్చి హాల్లో అరవై మంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. తెర మీద ముందు వెలుగు. తర్వాత నీళ్లు, నేల, చెట్లు. అప్పుడు లేచాడు ఎర్ర బుగ్గల సూర్యుడు. పిల్లల చప్పట్లకు పైకప్పు రేకులు అదిరిపోయాయి. ప్రొజెక్టర్ వెనక దాక్కున్నట్టు నిలబడ్డ దయాకర్‌కు వారంలో మొదటిసారి ఊపిరాడింది.

అంతలో కృప, పాస్టరు సంజీవరావు గారిని వెంటబెట్టుకుని నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"అయ్యగారూ, ఈ అన్నకు మన కథలు అక్షరం తెల్వదు. పాపం, అన్నీ నేనే జెప్పిన. అయినా ఎంత మంచిగ జేసిండో సూసిన్రా?"

సంజీవరావు గారు దయాకర్ వంక చూశారు.

"మా పెద్దకొడుకేనమ్మా" అన్నారు.